పొలిమేర మీద ఊరు, రెండు యూనివర్సిటీలు

పోయిన నెల మా తమ్ముడి మనవరాలు రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, ఇంకొకటి తిరునెల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయం నుంచి. రెండు చోట్లా ఎం.ఎస్‌సీ. గణితంలో సీటు. రెండూ సర్కారు యూనివర్సిటీలే. ఫీజులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరులోనూ ర్యాంకులోనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడదగ్గవే. దూరం చూద్దామా అంటే, రాజపాళయం నుంచి ఉత్తరంగా మదురై, దక్షిణంగా తిరునెల్వేలి, రెండూ ఇంచుమించు 85 కిలోమీటర్లే.

"తాతా, మీరు చరిత్ర రాస్తారు గదా, ఏది మంచిదో చెప్పండి" అంది.

చరిత్ర రాసేవాడిని అడగవలసిన మాట కాదది. అయినా అడిగింది కాబట్టి నాలుగు రోజులు పాత కాగితాలు, పాత మాటలు తిరగేశాను. నా మనసులో జవాబు అప్పటికే ఉంది: మదురై. ఎందుకో తర్వాత చెప్తాను. తిరగేసే కొద్దీ ఆ జవాబు కాళ్ల కింద నేల కదిలింది. అందుకే ఇది రాస్తున్నాను. సింగప్పూరులోనో డల్లాసులోనో మన పిల్లలు ఇదే ప్రశ్న వేరే పేర్లతో అడుగుతూనే ఉంటారు.

ముందు మన ఊరి సంగతి. 1910కి ముందు మన శ్రీవిల్లిపుత్తూరు తాలూకా తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. ఆ ఏడు తెల్లవాళ్లు మదురై జిల్లాలో కొంత, తిరునెల్వేలి జిల్లాలో కొంత కోసి రామనాథపురం జిల్లా చేశారు. మన తాలూకా, సాత్తూరు తాలూకా అటు పోయాయి. అప్పుడు మన పెద్దలకు దానివల్ల ఏమీ ఒరగలేదు, ఏమీ పోలేదు. కోర్టు పనికి ఎటు పోవాలి, కలెక్టరు ఎవరు అన్నదే తేడా. ఆ గీత ఎనభై ఏళ్ల తర్వాత మన పిల్లల డిగ్రీ కాగితం మీద ఎవరి ముద్ర పడాలో తేల్చుతుందని 1910లో ఎవరికి తెలుసు?

అది ఎట్లాగంటే, యూనివర్సిటీలకు కూడా మనలాగే వంశవృక్షం ఉంది. మూలపురుషుడు 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం. దక్షిణదేశంలో ఏ కాలేజీలో చదివినా, అది మదురై అమెరికన్ కాలేజీ కానీ, పాళయంకోట సెయింట్ జాన్స్ కానీ, అనంతపురం కాలేజీ కానీ, డిగ్రీ మాత్రం మద్రాసుదే. మన ముత్తాతల కాలంలో "ఏ యూనివర్సిటీ?" అన్న ప్రశ్నే లేదు. "ఏ కాలేజీ, ఏ హాస్టలు, అక్కడ మన వాళ్లు ఎవరున్నారు?" అంతే.

ఆ చెట్టు నుంచి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం విడిపోయింది. 1929లో చిదంబరంలో అన్నామలై వచ్చింది. 1966లో మదురై విడిపోయింది. మదురై, రామనాథపురం, తిరునెల్వేలి, కన్యాకుమారి జిల్లాల కాలేజీలన్నీ దాని కిందికి వచ్చాయి. 1978లో దానికి కామరాజ్ పేరు పెట్టారు. 1990 సెప్టెంబరులో ఆ మదురై నుంచి తిరునెల్వేలి విడిపోయి మనోన్మణీయం సుందరనార్ అయింది. అంటే మా పాప ముందున్న రెండు కాగితాలూ తల్లీ కూతుళ్లవి.

1990లో పంచుకునేటప్పుడు జిల్లా లెక్కే చూశారు. తిరునెల్వేలి, తూత్తుక్కుడి, కన్యాకుమారి వైపు కాలేజీలు కొత్తదానికి పోయాయి. మన జిల్లా, అంటే 1985లో రామనాథపురం నుంచి వేరుపడిన విరుదునగరు జిల్లా, మదురైకే ఉండిపోయింది. మనకు దక్షిణాన కొద్ది దూరంలో శంకరన్‌కోవిల్‌లో చదివే పిల్లకు సుందరనార్ డిగ్రీ, రాజపాళయంలో చదివే పిల్లకు కామరాజ్ డిగ్రీ. 1910లో ఆ గీత మన ఊరికి ఉత్తరంగా పడి ఉంటే మన రాజుల కాలేజీ పిల్లలు కూడా తిరునెల్వేలి వాళ్లే అయ్యేవాళ్లు. పేరు, ర్యాంకు, ప్రేమ, పగ ఏదీ కాదు. రెవిన్యూ వాళ్ల గీత.

బి.ఎస్‌సీ. దాకా ఈ గీతే మనకోసం ఎంచింది. పై చదువుకు యూనివర్సిటీ ఆవరణలోకే పోవాలంటే మాత్రం గీత అడ్డం రాదు, ఎవరైనా ఎక్కడైనా చేరొచ్చు. కనుక మా పాప ముందున్నది నిజమైన ఎంపిక. మన ఇంట్లో ఇట్లాంటి నిజమైన ఎంపిక నాకు తెలిసి ఇంతకు ముందు ఒక్కసారే వచ్చింది.

అది మా పెదతాతది. మా తాతకు అన్న. 1932లో మదురైలో ఇంటర్మీడియెట్ పాసయ్యాడు. రాజుల ఇళ్లలో అప్పటికి పొలం, పత్తి, మాటల్లో ఉన్న మిల్లు, ఇవే ధ్యాస. పి.ఎ.సి. రామసామి రాజాగారు రాజపాళయం మిల్లు పెట్టింది 1936లో. అట్లాంటి రోజుల్లో బి.ఎ. చదువుతానన్నాడు మా పెదతాత. మద్రాసులో చదవాలంటే ఖర్చెక్కువని ఇంట్లో ఒప్పుకోలేదు. ఇక మిగిలినవి రెండు, రెండూ కొత్తవి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం, చిదంబరంలో అన్నామలై విశ్వవిద్యాలయం. ఏది గొప్పదో ఇంకా ఎవరికీ తెలియదు. వాల్తేరుకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అప్పుడే వైస్ ఛాన్సలరుగా వచ్చి ఉన్నారు. చిదంబరంలో రాజా సర్ అన్నామలై చెట్టియారుగారి డబ్బు, పిల్లలంతా అక్కడే ఉండి చదువుకునే పద్ధతి.

పెదతాతకు వాల్తేరు మీద మనసు. మదురై నుంచి వాళ్ల నాయనకు రాసిన ఉత్తరం ఒకటి మా ఇంట్లో ఉంది. తెలుగు అక్షరాల్లోనే ఉంది, వంకర టింకరగా. అందులో ఆయన వాదం చిన్నది: మనం అక్కణ్ణుంచి వచ్చిన వాళ్లం, అది మన భాషవాళ్లు కట్టుకున్న చదువుల గుడి, ఒక్కడైనా పోయి చూడాలి గదా అని. విజయనగరం రోజుల తర్వాత తెలుగునేల వదిలి వచ్చిన రాజులలో ఎవరో ఒకరు మళ్లీ అటు పోయి చదవడం అంటే చిన్న మాట కాదు ఆయన లెక్కలో.

ముత్తాత జవాబు ఉత్తరంలో లేదు, మా అత్తమ్మ నోట విన్నదే. ఆయన మూడు మాటలన్నారట. మొదటిది రైలు. మన ఊరి మీదుగా విరుదునగరు నుంచి తెన్‌కాశికి రైలు పడి అప్పటికి అయిదేళ్లు, 1927లో. ఇక్కడ ఎక్కితే మీటరుగేజి బండ్ల మీదనే చిదంబరం దాకా పోవచ్చు. వాల్తేరుకైతే మద్రాసు ఎగ్మూరులో దిగి, పెట్టె నెత్తిన పెట్టుకొని సెంట్రల్ స్టేషనుకు పోయి, పెద్దగేజి బండి ఎక్కి, మళ్లీ ఒక రాత్రీ పగలూ. రెండోది తిండి. మూడోది మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "అక్కడ నిన్ను అరవవాడంటారు, ఇక్కడ వడుగుడంటారు. ఆ మాటేదో దగ్గరలోనే పడు."

పెదతాత చిదంబరం పోయాడు. మూడేళ్లు చదివి వచ్చాడు. అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాలన్నీ అరవంలో ఉన్నాయి. ఒక్కటి కూడా తెలుగులో లేదు.

ఇక్కడే మన ఇంటి పురాణం మొదలైంది. "చిదంబరం పోయాడు, ఇంట్లో తెలుగు రాత పోయింది" అని మా అత్తమ్మ చివరి దాకా అనేది. వాల్తేరు పోయి ఉంటే మనందరికీ తెలుగు చదవడం, రాయడం వచ్చేదని ఆమె నమ్మకం. నేనూ నమ్మాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట పెళ్లిళ్లలో, చావిడి అరుగు మీద నేనే ఎందరికో చెప్పాను. మా పాపకు మదురై అని చెప్పాలనుకున్నది కూడా ఈ కథ వల్లనే. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి తెలుగు శాఖ నడిచింది, తెలుగూ తులనాత్మక సాహిత్యమూ అని. నాయక రాజుల ఊరు, తిరుమల నాయకుడి మహలు ఉన్న ఊరు. తెలుగు పుస్తకాల బీరువా ఉన్న చోటికి పిల్లను పంపితే, ఎప్పుడో ఒక సాయంత్రం దాని ముందు నిలబడదా అన్న ఆశ. తిరునెల్వేలిలో ఆ ఆశ లేదు.

కానీ అంతకన్నా ముందు, తెలుగునేల మీద ఉన్న తెలుగువాళ్లే ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఏం చేశారో చూడాలనిపించింది. అక్కడ నాకు మొదటి దెబ్బ తగిలింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కార్యాలయం మొదట బెజవాడలో. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి వైస్ ఛాన్సలరు. ఆయన చిత్తూరు జిల్లా మనిషి అన్నది గుర్తుంచుకోండి. యూనివర్సిటీ శాశ్వతంగా ఎక్కడుండాలి అన్నదాని మీద పెద్ద తగువు నడిచింది. బెజవాడ అన్నారు, రాజమండ్రి అన్నారు, విశాఖపట్నం అన్నారు; సీమవాళ్లు అనంతపురం అన్నారు. చివరికి 1930లో వాల్తేరుకు పోయింది. అనంతపురం కుర్రాడికి మద్రాసు ఎంత దగ్గర, వాల్తేరు ఎంత దూరం అన్నది పటం చూస్తే చాలు. దత్తమండలాల వాళ్లు, చిత్తూరు వాళ్లు మాకు మద్రాసు యూనివర్సిటీయే ఉండనివ్వండి అన్నారు. కొద్ది ఏళ్లలోనే అక్కడి కాలేజీలు మళ్లీ మద్రాసు కిందికి పోయాయి.

ఆలోచించండి. తెలుగువాళ్ల కోసం, తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడిగి తెచ్చుకున్న యూనివర్సిటీ. తెలుగువాళ్లలోనే సగం సీమ "వద్దు, మాకు అరవదేశం నడిబొడ్డున ఉన్న పాత యూనివర్సిటీయే మేలు" అంది. వాళ్లకు తెలుగంటే ప్రేమ లేకనా? తాళ్లపాక, మొల్ల, వేమన పేర్లు చెప్పుకొనే నేల అది. ప్రేమ లేక కాదు. వాళ్లు అడిగింది వేరే: మా పిల్లవాడు అక్కడికి పోయి రాగలడా? ఆ డిగ్రీకి మద్రాసు ఆఫీసుల్లో విలువ ఉంటుందా? ఆ సెనేటులో మా మాట చెల్లుతుందా, లేక కృష్ణా గోదావరి వాళ్ల వెనక నిలబడాలా?

మూడో ప్రశ్నే అసలుది అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ నొప్పి యూనివర్సిటీతో ఆగలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు, నీళ్లు అందరికీ గుర్తుంటాయి. అందులో యూనివర్సిటీ మాట కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు కేంద్రాలుగా ఉండాలని. అది కాగితం మీదే ఉండిపోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురానికి సొంత యూనివర్సిటీ, శ్రీకృష్ణదేవరాయల పేరున, వచ్చింది 1981లో. ఒప్పందానికి నలభై నాలుగేళ్ల తర్వాత.

ఈ సందర్భంలో మన ఊరి మనిషిని ఒకరిని తలచుకోకుండా దాటలేను. పి.ఎస్. కుమారస్వామి రాజాగారు 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రి. ఆంధ్ర విడిపోతే ఏది ఎవరికి అని తేల్చడానికి 1949లో వేసిన విభజన సంఘానికి ఆయనే అధ్యక్షులు. టంగుటూరి ప్రకాశంగారు అందులో విడిగా తన అసమ్మతి రాశారు. ఇంట్లో తెలుగు మాట్లాడే రాజపాళయం మనిషి, తమిళనాట పుట్టి పెరిగి, తెలుగువాళ్ల వాటా తేల్చే బల్లకు పెద్దగా కూర్చోవడం! ముత్తాత అన్న "అక్కడ అరవవాడు, ఇక్కడ వడుగుడు" మాట ఆ రోజుల్లో ఆయన చెవిన ఎన్నిసార్లు పడి ఉంటుందో అనుకుంటాను.

సరే, సీమవాళ్ల సంగతి చూశాక మా పెదతాత కథ మీద అనుమానం పుట్టింది. వాళ్లు మద్రాసు డిగ్రీలు తీసుకున్నారు, తెలుగు రాత పోలేదు గదా. మద్రాసు యూనివర్సిటీలో తెలుగు శాఖే ఉండేది. కోరాడ రామకృష్ణయ్యగారు, నిడుదవోలు వెంకటరావుగారు అక్కడ పనిచేసిన వాళ్లే. మదురై, తంజావూరు నాయకుల కాలపు తెలుగు సాహిత్యం మీద 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము' రాసింది వెంకటరావుగారే. మన తెలుగు చరిత్రలో ముఖ్యమైన తునక మద్రాసు యూనివర్సిటీ గోడల మధ్య తయారైంది. మరి మా పెదతాత తెలుగు చిదంబరంలో ఎందుకు పోవాలి?

అటక మీద ఇనప్పెట్టె దింపించాను. ఈ వయసులో నేనెక్కలేను, పాపే ఎక్కింది. అందులో ఆయన మదురై హాస్టలు రోజుల ఖర్చు పుస్తకం దొరికింది. చిదంబరానికి రెండేళ్ల ముందుది. చాకలికి ఎంత, నూనెకు ఎంత, విరుదునగరు టిక్కెట్టుకు ఎంత, అంతా అరవంలో. వెనక పేజీల్లో స్నేహితుల అడ్రసులు అరవంలో, ఇంగ్లీషులో. తెలుగు అక్షరం ఒక్క చోట ఉంది. మొదటి పేజీ పైన "శ్రీరామ" అని.

అంటే వాల్తేరు ఉత్తరం ఆయన మామూలు రాత కాదు. నాయన మనసు మెత్తబడాలని, రాని అక్షరాలు కూడబలుక్కొని రాసిన ఉత్తరం అది. అందుకే ఆ వంకర. అన్నేళ్లు చూస్తూ కూడా నాకది తట్టలేదు. ఆయన తెలుగు రాత చిదంబరంలో పోలేదు. ఆరేళ్ల వయసులో, ఊరి బడిలో, అరవ అక్షరాలు దిద్దినప్పుడే అది రాకుండా పోయింది. ఆ బడి తప్పు కూడా కాదు, ఈ ఊళ్లో బతికేవాడికి ఆ అక్షరాలు కావాలి. ఇంట్లో ఎవరూ రెండో పలక ఇవ్వలేదు. అంతే సంగతి. వాల్తేరు పోయి ఉంటే ఆయనొక్కడు నేర్చుకొనేవాడేమో. ఇంట్లో ఆడవాళ్లు, తమ్ముళ్లు, పుట్టబోయే నేను, మేమంతా ఎట్లా నేర్చుకుంటాం?

నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఏ యూనివర్సిటీ వల్లా కాదు. మా నాయనమ్మ దగ్గర చిరిగిన పెద్దబాలశిక్ష ఉండేది. వేసవి సెలవుల్లో మామిడికాయ ముక్కలు ఎండబెడుతూ, కాకులు తోలే పని నాకు అప్పజెప్పి, ఆ పక్కనే దిద్దించేది. మా తమ్ముడు పారిపోయేవాడు. వాడికి ఈ రోజుకీ రాదు.

మదురై యూనివర్సిటీ మన ఇంటికి చేసిన మేలు మాత్రం వేరే ఉంది, అది తెలుగు శాఖ కాదు. 1971లో వాళ్లు పోస్టు ద్వారా చదువు మొదలుపెట్టారు. మన కోటల్లో ఆడపిల్లను లేడీ డోక్ కాలేజీకో, పాళయంకోట సారా టక్కర్ కాలేజీకో పంపి హాస్టల్లో ఉంచే ఇళ్లు అప్పటికి చాలా తక్కువ. పెళ్లై, ఇద్దరు పిల్లలున్న మా పిన్ని పోస్టులో వచ్చే పాఠాలు చదివి బి.ఎ. పాసయింది. పోస్టుమాను ఆ బరువు కవరు తెచ్చినప్పుడల్లా మా బాబాయి ముఖం చిట్లించేవాడు. పరీక్ష ఫీజు మాత్రం కట్టేవాడు. మిల్లు గుమాస్తాలు, కట్టుగుడ్డ నేసే ఛత్రపట్టి వైపు మగ్గాల ఇళ్ల కుర్రాళ్లు, టీచర్లు ఎందరో ఆ దారిన డిగ్రీ తెచ్చుకున్నారు. ర్యాంకుల పట్టికలో దీనికి ఎన్ని మార్కులు వేస్తారో తెలిస్తే మా పిన్ని నవ్వేది.

ఆ ర్యాంకుల మాట కూడా చెప్పేస్తాను. ఇప్పుడు అందరూ చూసే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. 2016 నుంచి వస్తున్నది. బోధన, పరిశోధన, చదివినవాళ్లు ఏమయ్యారు, ఎవరెవరికి చోటిచ్చారు, బయట పేరెలా ఉంది అని అయిదు రకాలుగా చూసి మొత్తం యూనివర్సిటీకి ఒక అంకె ఇస్తారు. మదురైలో జీవశాస్త్రాల వాళ్లు చేసిన పరిశోధన వల్ల వచ్చిన మార్కు లెక్కల తరగతిలో కూర్చున్న పిల్లకు ఏం పనికొస్తుంది? తిరునెల్వేలికి నేరశాస్త్రంలో పేరుంటే మా పాపకేం? మదురైకి ఈమధ్య జీతాలు, పింఛన్లు ఇవ్వడానికే డబ్బు చాలని ఇబ్బంది వచ్చిందని పత్రికల్లో చదివాం. అది ఆమె చదివే రెండేళ్లలో ఆమె తరగతి గదిని తాకుతుందా లేదా అన్నది ర్యాంకు చెప్పదు. ఆ గదిలో ఎవరు పాఠం చెప్తున్నారు, ఎన్ని ఖాళీలున్నాయి అని పోయి చూసుకోవలసిందే.

ఈ పని మా పాప నాకన్నా ముందే చేసింది. నేను అటక, ఇనప్పెట్టె అంటుండగా ఆమె తన కాలేజీలో ముందు చదివిన వాళ్లకు ఫోన్లు చేసింది. ఇద్దరు మదురైలో, ముగ్గురు తిరునెల్వేలిలో. రెండు చోట్ల సిలబసు, రెండేళ్ల ప్రశ్నపత్రాలు తెప్పించుకుంది. తిరునెల్వేలి నుంచి ఒక అమ్మాయి పంపిన నోట్సు మూడు రాత్రులు కూర్చుని చదివింది. అందులో ఏముందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, ఆమె పెన్సిలుతో పక్కన గీసుకుంటూ పోవడం చూశాను. మదురై సీనియర్లు కూడా మంచి మాటే చెప్పారట. తనకు ఇష్టమైన పాఠాన్ని చెప్పే మాస్టారు తిరునెల్వేలిలో ఉన్నారని, ఆయన రిటైరవడానికి ఇంకా ఏళ్లున్నాయని, అది తేల్చుకుంది. ముత్తాత అడిగినట్టు రైలు, తిండి కూడా అడిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. యూనివర్సిటీ ఉండే అభిషేకపట్టి తిరునెల్వేలి ఊరికి పడమరగా దూరం, ఊళ్లో దిగి ఇంకో బస్సు ఎక్కాలి. మదురైదీ అంతే, ఊరి బయట నాగమలై వైపు. ఆ లెక్కలో మళ్లీ సమానం.

చివరికి నేను తెలుగు శాఖ సంగతి ఎత్తాను. ఊరుకోలేకపోయాను. ఖర్చు పుస్తకం చూశాక కూడా ఎత్తాను. వయసైన వాళ్ల మొండితనం అనుకోండి.

"నేను పోయేది లెక్కల శాఖకు తాతా, తెలుగు శాఖకు కాదు" అంది. తర్వాత కాసేపాగి, "అయినా ఆ శాఖ పక్క గదిలో ఉన్నా, నాకు బోర్డు కూడా చదవడం రాదు గదా" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల మాట్లాడే తెలుగు నాకన్నా చక్కగా ఉంటుంది. వాళ్ల నాయనమ్మ మాట అంతా నోట్లో దిగింది. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చాక బడికి పోయిన పిల్ల; బడిలో తెలుగు దొరికే దారి లేదు. ఇంట్లో దొరకాలి. పెద్దబాలశిక్ష నా బీరువాలోనే ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు ఆమె ఈ ఇంట్లో తిరిగింది, నేను చావిడిలో చిదంబరం కథ చెప్పుకుంటూ కూర్చున్నాను.

పాప తిరునెల్వేలిలో చేరింది. 1910 తర్వాత మన ఇంటి నుంచి చదువుకు దక్షిణం పోయిన మొదటి మనిషి ఆమేనేమో. నాకు తెలిసినంతలో అంతకు ముందువాళ్లంతా మదురైకో, దాటి ఇంకా పైకో పోయినవాళ్లే. ఆదివారం సాయంత్రం శంకరన్‌కోవిల్ మీదుగా పోయే బస్సు ఎక్కిస్తాం. శుక్రవారం రాత్రికి వస్తుంది. వచ్చే శనివారాల్లో పొద్దున పది గంటలకు, వాళ్ల అమ్మ టిఫిను పెట్టాక, అరుగు మీద ఒక గంట కూర్చోమని అడిగాను. "లెక్కలు మీరు నేర్చుకుంటే నేను అక్షరాలు నేర్చుకుంటాను" అని బేరం పెట్టింది. మొదటి శనివారం అయింది. నేను ఇంకా సమితుల దగ్గరే ఉన్నాను, ఆమె 'ఋ' దగ్గర ఉంది.

పెదతాత ఉత్తరం, ఖర్చు పుస్తకం మొదటి పేజీ ఫోటోలు తీయించి ఇక్కడ పెడతాను. ఎవరి ఇంట్లోనైనా ఆ రోజుల అన్నామలై, వాల్తేరు, మద్రాసు చదువుల కాగితాలుంటే పారేయకండి. ఎటు చదవాలో ఎవరు ఎట్లా తేల్చుకున్నారో అందులో ఉంటుంది. ముఖ్యంగా ఖర్చు పుస్తకాలు దాచండి. ఉత్తరాల్లో మనుషులు కావాలని రాస్తారు, ఖర్చు పుస్తకంలో మామూలుగా రాస్తారు.